అల్లర్ల మధ్యకు నడిచిన ఎడిటరు

మార్చి 23 అనగానే అందరికీ భగత్‌సింగ్ గుర్తొస్తారు. ఊరూరా దండలు వేస్తారు, కాలేజీల్లో సభలు పెడతారు. రెండు రోజులు ఆగితే వచ్చే మార్చి 25 మాత్రం మనకు మామూలు రోజే. 1931లో ఆ రోజున కాన్పూర్ నగరంలో ఒక పత్రికా సంపాదకుడిని మూక చంపేసింది. ఆయన పేరు గణేశ్ శంకర్ విద్యార్థి. భగత్‌సింగ్‌ను ఉరి తీశారన్న వార్తతో మొదలైన హర్తాళ్ హిందూ ముస్లిం కొట్లాటగా మారితే, జనాన్ని కాపాడటానికి వెళ్లి అందులోనే ప్రాణం పోగొట్టుకున్నారు. భగత్‌సింగ్ ఒకప్పుడు ఆయన దగ్గర పత్రికలో పనిచేసిన కుర్రాడే.

హిందీ రాష్ట్రాల్లో ఈ పేరు తెలియని విలేకరి ఉండడు. మన వైపు తక్కువ మందికి తెలుసు. బీదర్, నాందేడ్, సోలాపూర్‌లలో ఉండే తెలుగువాళ్లకు ఈ కథతో ఒకటి రెండు చుట్టరికాలు ఉన్నాయి. అవి ముందుముందు వస్తాయి.

గుమస్తాగిరీ నుంచి కలానికి

విద్యార్థి 1890 అక్టోబరు 26న అలహాబాద్‌లో అమ్మమ్మ గారింట పుట్టారు. తండ్రి జయనారాయణ్ బడిపంతులు. గ్వాలియర్ సంస్థానంలోని ముంగావలీ అనే చిన్న ఊళ్లో ఉద్యోగం. పంతులు గారి జీతంతో ఇల్లు గడవడమే కష్టం. ఎంట్రన్స్ పాసై అలహాబాద్ కాయస్థ పాఠశాల కాలేజీలో చేరారు గానీ ఏడాది తిరక్కుండానే చదువు ఆగిపోయింది. ఎప్పటికీ నేర్చుకునేవాడినే అన్న అర్థంలో విద్యార్థి అన్న మాటను పేరు చివర తగిలించుకున్నారు. చివరికి ఇంటిపేరులా స్థిరపడింది అదే.

1908లో కాన్పూర్ కరెన్సీ ఆఫీసులో నెలకు ముప్పై రూపాయల ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లో ముప్పై రూపాయలంటే చిన్న మొత్తమేం కాదు. ఇంగ్లీషు దొరతో మాటా మాటా వచ్చి మానేశారు. తర్వాత కొన్నాళ్లు బళ్లో పాఠాలు చెప్పారు. అలహాబాద్ నుంచి పండిట్ సుందర్‌లాల్ నడిపే 'కర్మయోగి' పత్రిక అప్పటి కుర్రాళ్లకు పెద్ద ఆకర్షణ. విద్యార్థి కూడా దాన్ని చదివి, రాసి, ఆ దారిన పడ్డారు. ఈ సుందర్‌లాల్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1911లో హిందీ పత్రికా లోకానికి పెద్దదిక్కు అనదగిన మహావీర్ ప్రసాద్ ద్వివేది తన 'సరస్వతి' మాసపత్రికలో సహాయకుడిగా తీసుకున్నారు. జీతం పాతిక రూపాయలు. భాష దిద్దుకున్నది అక్కడే. అయితే సాహిత్యం ఒక్కటే ఆయనకు సరిపోలేదు. రాజకీయాలు కావాలి. మదన్ మోహన్ మాలవీయ స్థాపించిన 'అభ్యుదయ'కు వెళ్లి కొన్నాళ్లు చేశారు. 1913 నవంబరు 9న నలుగురైదుగురు మిత్రులతో కలిసి కాన్పూర్‌లో సొంతంగా 'ప్రతాప్' వారపత్రిక మొదలుపెట్టారు. అప్పటికి వయసు ఇరవై మూడేళ్లు.

ఒక రోడ్డు, ఒక మసీదు

ఆ ఏడాది కాన్పూర్‌లో ఏం జరిగిందో చెప్పుకోకపోతే తర్వాతి కథ సగమే అర్థమవుతుంది. ఊరి మధ్య నుంచి కొత్త రోడ్డు వేస్తూ మచ్లీ బజారు మసీదులో కాళ్లూ చేతులూ కడుక్కునే భాగాన్ని 1913 జూలైలో పడగొట్టారు. అదే రోడ్డుకు దగ్గర్లో ఉన్న గుడిని మాత్రం వదిలేశారు. ఆగస్టు 3న ముస్లింలు పెద్ద సంఖ్యలో పోగై ఇటుకలు తిరిగి పేర్చబోతే పోలీసులు కాల్పులు జరిపారు. జనం చనిపోయారు. ఆజాద్ నడిపే 'అల్ హిలాల్', మహమ్మద్ అలీ నడిపే 'కామ్రేడ్' పత్రికలు సర్కారును దులిపేశాయి. సర్కారు జవాబు మామూలే. 1910 నాటి ప్రెస్ చట్టం ఉండనే ఉంది. నచ్చని రాత రాస్తే ధరావతు కట్టమంటారు, ఇంకోసారి రాస్తే ఆ సొమ్ము జప్తు చేస్తారు. చివరికి వైస్రాయి హార్డింజ్ స్వయంగా కాన్పూర్ వచ్చి రాజీ చేసి వెళ్లారు. ఆ రోడ్డుకు గవర్నరు మెస్టన్ పేరే ఖాయమైంది.

ఊరు ఆ సెగలో ఉండగానే 'ప్రతాప్' పుట్టింది. కాన్పూర్ అప్పటికే నూలు మిల్లులు, తోలు కార్ఖానాల ఊరు. పల్లెల నుంచి కూలి కోసం వచ్చినవాళ్లు ఇరుకు గల్లీల్లో కిక్కిరిసి బతికేవాళ్లు. ఒక గల్లీ హిందువులది, పక్క గల్లీ ముస్లింలది. సర్కారుకు, జనానికి మధ్య గొడవగా మొదలైనది ఇలాంటి ఊళ్లో జనానికి, జనానికి మధ్య గొడవగా మారడానికి ఎక్కువ సేపు పట్టదు.

పల్లె వార్తలే బలం

'ప్రతాప్' ప్రత్యేకత ఏంటంటే, అది పెద్దల ఉపన్యాసాలు అచ్చేసి ఊరుకునే పత్రిక కాదు. రైతుల బాధలు, మిల్లు కూలీల గోడు, సంస్థానాల్లో అధికారుల ఆగడాలు అందులో నిండి ఉండేవి. కొన్ని సంస్థానాల్లో ఆ పత్రికను రానివ్వలేదు కూడా. చంపారన్ నీలిమందు రైతుల సంగతి గాంధీజీ బీహార్ వెళ్లక ముందునుంచే 'ప్రతాప్'లో వస్తుండేది. రాసి పంపిన మనిషి బేతియాకు చెందిన పీర్ మహమ్మద్ మూనిస్ అనే బడిపంతులు. ఆ రాతల వల్ల ఆయన పంతులు ఉద్యోగం ఊడింది. మండలాల్లో కూర్చుని కాలమ్ సెంటీమీటరు లెక్కన వార్తలు పంపే కంట్రిబ్యూటర్లకు మూనిస్ వరుసకు పెదనాన్న అవుతారు. జీతం లేని పని, తలనొప్పి మాత్రం పూర్తిగా తనదే.

1920లో 'ప్రతాప్' దినపత్రిక అయింది. 1921 జనవరి 7న రాయ్‌బరేలీ దగ్గర మున్షీగంజ్‌లో రైతుల గుంపు మీద కాల్పులు జరిగాయి. 'ప్రతాప్' దాన్ని జలియన్‌వాలాబాగ్‌తో పోల్చి, సర్దార్ వీర్‌పాల్ సింగ్ అనే తాలూక్‌దారు తుపాకీ పేల్చాడని రాసింది. ఆయన పరువునష్టం దావా వేశారు. మోతీలాల్ నెహ్రూ, జవహర్‌లాల్ నెహ్రూ వచ్చి పత్రిక తరఫున సాక్ష్యం చెప్పారు. అయినా ఎడిటరు జైలుకెళ్లక తప్పలేదు. 1921 అక్టోబరు నుంచి 1922 మే దాకా లోపలే. బయటికొచ్చి ఏడాది తిరగక ముందే ఫతేపూర్‌లో ఇచ్చిన ఉపన్యాసం మీద మళ్లీ జైలు. జైల్లో ఊరికే కూర్చోలేదు, విక్టర్ హ్యూగో నవలలను హిందీలోకి దించుకున్నారు.

కాల్పులు జరిగినప్పుడు సర్కారు ప్రకటన ఒకటి వస్తుంది. అది అచ్చేస్తే ఏ గొడవా ఉండదు. ఘటనా స్థలానికి మనిషిని పంపి, తుపాకీ ఎవరు పేల్చారో కనుక్కుని రాస్తే దావా పడుతుంది. విద్యార్థి రెండో దారి పట్టారు. విలేకరి పని చేసే మాబోటి వాళ్లకు ఇది చెప్పుకున్నంత తేలిక కాదని బాగా తెలుసు.

జెండా పాట, బల్వంత్ అనే కుర్రాడు

1924లో జెండాకు ఒక పాట ఉంటే బాగుంటుందని కాన్పూర్ వాసి శ్యామ్‌లాల్ గుప్తా వెంటపడి రాయించింది విద్యార్థే. అదే 'ఝండా ఊంచా రహే హమారా'. మనవాడు పింగళి వెంకయ్య పేరు జెండాతో పాటు తలుచుకుంటాం. ఆ జెండా కింద బళ్లో మనం పాడుకున్న పాట వెనక ఈయన ఉన్నారన్న సంగతి చాలామంది వినలేదు. 1925 డిసెంబరులో కాన్పూర్‌లో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అధ్యక్షురాలు మన హైదరాబాద్ సరోజినీ నాయుడు. ఆహ్వాన సంఘం పనులన్నీ నెత్తిన వేసుకున్నది విద్యార్థి.

సుమారుగా ఆ రోజుల్లోనే, ఇంట్లో పెళ్లి చేస్తామంటే తప్పించుకుని లాహోర్ నుంచి ఒక కుర్రాడు కాన్పూర్ వచ్చాడు. 'ప్రతాప్'లో బల్వంత్ అన్న పేరుతో పనిచేశాడు. అతనే భగత్‌సింగ్. గాంధీ దారిలో నడిచే ఎడిటరు, తుపాకీని నమ్మే కుర్రాళ్లు ఒకే కప్పు కింద ఎలా ఉన్నారని ఆశ్చర్యం వేస్తుంది. విద్యార్థి వాళ్ల పద్ధతిని ఒప్పుకోలేదు, వాళ్లను మాత్రం వదిలిపెట్టలేదు. అన్నం పెట్టారు, చోటు ఇచ్చారు, పని ఇచ్చారు.

ఇద్దరికీ కలిసిన విషయం ఇంకొకటుంది. 1924లో కోహాట్, 1926లో కలకత్తా... దేశంలో ఒకదాని తర్వాత ఒకటి మత కొట్లాటలు జరుగుతున్న కాలం అది. 1924 అక్టోబరులో విద్యార్థి 'ప్రతాప్'లో ధర్మాన్ని అడ్డం పెట్టుకుని చేసే పనుల మీద ఒక వ్యాసం రాశారు. మతం పేరు చెబితే ఆలోచించకుండా లేచే మామూలు జనాన్ని తెలివైన పెద్దమనుషులు తమ పనికి వాడుకుంటున్నారన్నది అందులో సారం. నమాజు, పూజ ఎవరిష్టం వాళ్లది గానీ, పొరుగువాడి బతుకులో వేలు పెట్టే హక్కు ఎవరికీ లేదన్నారు. కేంద్ర సిలబస్ తొమ్మిదో తరగతి హిందీ పుస్తకంలో ఈ వ్యాసం చాలాకాలం పాఠంగా ఉంది. 1928 జూన్‌లో భగత్‌సింగ్ పంజాబ్ పత్రిక 'కీర్తి'లో ఇదే విషయం మీద రాస్తూ నాయకులతో పాటు పత్రికలనూ బోనులో నిలబెట్టారు. ఒకరి మీద ఒకరిని ఉసిగొల్పే హెడ్డింగులు పెట్టి తలలు పగలగొట్టిస్తున్నారని, పత్రికల పని అది కాదని గట్టిగానే అన్నారు.

మూడేళ్లకు ఆయన మరణవార్త మీదనే అలాంటి కొట్లాట ఒకటి జరిగింది.

ఆ మూడు రోజులు

1926 నుంచి 1929 దాకా విద్యార్థి యూపీ శాసనమండలి సభ్యుడు. తర్వాత యూపీ కాంగ్రెస్ అధ్యక్షుడు. ఉప్పు సత్యాగ్రహం వచ్చింది, 1930లో మళ్లీ అరెస్టు. 1931 మార్చి 5న గాంధీ, ఇర్విన్ ఒప్పందం కుదిరితే మార్చి 9న హర్దోయి జైలు నుంచి వదిలారు. కరాచీ కాంగ్రెస్‌కు వెళ్లాల్సి ఉంది. వెళ్లలేదు.

మార్చి 23 సాయంత్రం లాహోర్‌లో ఉరి. 24న కాన్పూర్‌లో హర్తాళ్. దుకాణాలు మూయమని కాంగ్రెస్ వాళ్లు తిరిగారు. ముస్లిం దుకాణదారులు కొందరు మూయమన్నారు. మాటలు పెరిగాయి, రాళ్లు లేచాయి. చూస్తుండగానే మెస్టన్ రోడ్డు ప్రాంతమంతా మంటలు. అంతకు ముందు ఏడాదిగా ఊళ్లో రెండు వైపులా ఊరేగింపులు, కర్రసాములు, పోటీ సంఘాలు నడుస్తూనే ఉన్నాయి. వ్యాపారంలో పోటీ సరేసరి. ఎండిన గడ్డికి నిప్పు దొరికింది. గుళ్లు, మసీదులు కాలాయి. ఇళ్లలో ఉన్నవాళ్లను ఉన్నట్టే తగలబెట్టారు. చనిపోయినవాళ్లు నాలుగైదు వందల మంది ఉంటారని అంచనా.

పోలీసులు ఎక్కడున్నారు? ఊళ్లోనే ఉన్నారు. చూస్తూ నిలబడ్డారు. కాపాడమని వెళ్లినవాళ్లను గాంధీ దగ్గరికే పొమ్మన్నారని తర్వాత ఫిర్యాదులు వచ్చాయి. సత్యాగ్రహం నడిచిన ఏడాదంతా లాఠీలు తిరగేసిన పోలీసే ఇది.

ఇక్కడ సోలాపూర్ సంగతి చెప్పుకోవాలి. అదీ కాన్పూర్ లాగే నూలు మిల్లుల ఊరు, మన పద్మశాలీలు తరతరాలుగా ఉంటున్న ఊరు. 1930 మేలో గాంధీజీ అరెస్టు మీద అక్కడ కార్మికులు తిరగబడితే కాల్పులు జరిపారు. నాలుగు రోజుల్లో మార్షల్ లా పెట్టారు. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుస్సేన్, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ షిండేలను యెరవాడ జైల్లో ఉరి తీశారు. సోలాపూర్‌లో చార్ హుతాత్మా విగ్రహాలు చూసే ఉంటారు, ఆ నలుగురివే. సర్కారు మీదికి జనం లేస్తే సైన్యం దిగింది. పది నెలల తర్వాత కాన్పూర్‌లో జనం మీదికి జనం లేస్తే అదే సర్కారుకు బందోబస్తు దొరకలేదు. బలగం లేదన్న మాట నమ్మాలంటే ఈ రెండు ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూడకూడదు.

విద్యార్థి 24 మధ్యాహ్నం నుంచి వీధుల్లోనే ఉన్నారు. చేతిలో కర్ర కూడా లేదు. చెప్పులేసుకుని, ఖద్దరు బట్టల్లో, ఒకరిద్దరు వలంటీర్లతో గల్లీ గల్లీ తిరిగారు. హిందువుల పేటల్లో చిక్కుకున్న ముస్లింలను బయటికి తీసి వాళ్ల పేటలకు చేర్చారు. ముస్లింల పేటల్లో చిక్కుకున్న హిందువులనూ అలాగే. 25వ తేదీ బెంగాలీ మొహల్లాలో కాలుతున్న ఇళ్ల నుంచి రెండు వందల మంది దాకా ముస్లింలను కాపాడి పంపారు. ఇంతలో ముస్లింలు ఎక్కువగా ఉండే చౌబే గోలా వైపు హిందూ కుటుంబాలు చిక్కుకుపోయాయని కబురొచ్చింది. అటు వెళ్లారు. అక్కడ ఆయన్ను గుర్తుపట్టి, పొద్దుట తమవాళ్లను కాపాడినవాడని అడ్డుపడిన ముస్లింలు కూడా ఉన్నారు. ఒకరు గల్లీలోకి లాగి తప్పించబోతే ఆయన రానన్నారు. ఇంకో గుంపు వచ్చి పడింది. ఆయనకప్పుడు నలభై ఏళ్లు.

ఆ రోజు ఆయన పత్రికాఫీసులో కూర్చుని పని చేసుకుంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. అల్లర్లలో విలేకరి పని చూసి రాయడం, మధ్యలో దూరడం కాదు అని మాకు నేర్పుతారు. అది సరైన పాఠమే. కానీ విద్యార్థి విలేకరిగా వెళ్లలేదు. పోలీసు రాని చోటికి, పోలీసు చేయాల్సిన పని చేయడానికి వెళ్లారు.

రెండు రోజులు మనిషి జాడ లేదు. 27న ఆస్పత్రిలో గుట్టగా పడేసిన శవాల మధ్య ఉబ్బి నల్లబడ్డ దేహం దొరికింది. ఖద్దరు బట్టలు, జేబులో ఉత్తరాలు, చేతి మీద పచ్చబొట్టు చూసి గుర్తుపట్టారు. 29న ఎక్కువ హడావుడి లేకుండా దహనం చేశారు. ఊరేగింపు తీస్తే మళ్లీ ఏమవుతుందోనని భయం.

కరాచీలో పటేల్ అధ్యక్షతన కాంగ్రెస్ జరుగుతుండగా ఈ వార్త చేరింది. అలాంటి చావు తనకూ వస్తే బాగుండునన్న అర్థంలో గాంధీజీ 'యంగ్ ఇండియా'లో రాశారు. ఇంటి దగ్గర మిగిలింది భార్య, పిల్లలు, అప్పుల్లో ఉన్న పత్రిక. కవి బాలకృష్ణ శర్మ నవీన్, కొడుకు హరిశంకర్ 'ప్రతాప్'ను నడిపించారు. ఈరోజు కాన్పూర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీకి విద్యార్థి పేరే ఉంది.

రెండు నివేదికలు

అల్లర్లు చల్లారాక ఏ సర్కారైనా చేసే పని విచారణ కమిషన్ వేయడం. యూపీ ప్రభుత్వమూ వేసింది. కొన్ని నెలల్లోనే నివేదిక వచ్చింది, లండన్ పార్లమెంటు ముందుకూ వెళ్లింది. విచిత్రమేమిటంటే, సర్కారు వేసిన కమిషనే పోలీసులు ఉదాసీనంగా ఉన్నారని తేల్చింది. అన్ని వర్గాల సాక్షులూ ఒకే మాట చెప్పారని రాసింది. జిల్లా అధికారుల తీరునూ తప్పుపట్టింది. మన కాలంలో కమిషన్ల గడువులు ఎన్నిసార్లు పొడిగిస్తారో చూసినవాళ్లకు ఈ వేగం వింతగానే ఉంటుంది.

అదే ఏడాది అక్టోబరులో పత్రికల మీద అత్యవసర అధికారాల చట్టం వచ్చింది. దాని గురి హింసను పొగిడే రాతల మీద అన్నారు. ధరావతుల పద్ధతి మళ్లీ తలకెత్తింది. పోలీసు నిలబడి చూసిన సంవత్సరంలోనే పత్రికల మెడకు తాడు బిగించారు.

రెండో నివేదిక కాంగ్రెస్ వేసిన సంఘానిది. డాక్టర్ భగవాన్ దాస్ అధ్యక్షుడు. పురుషోత్తమ్ దాస్ టండన్, ఖ్వాజా అబ్దుల్ మజీద్ వంటివాళ్లు సభ్యులు. కార్యదర్శి పండిట్ సుందర్‌లాల్, పాతికేళ్ల లోపు వయసులో విద్యార్థిని రాత వైపు తిప్పిన ఆ 'కర్మయోగి' ఎడిటరే. ఈ సంఘం కాన్పూర్ మూడు రోజుల లెక్క చూసి ఊరుకోలేదు. అసలు ఈ దేశంలో హిందువులు, ముస్లింలు ఎలా కలిసి బతికారు, కొట్లాటలు ఎప్పుడు ఎందుకు మొదలయ్యాయి అని వందల ఏళ్ల చరిత్ర తవ్వి తీసింది. అందులో బ్రిటిష్ వాళ్ల పాత్ర కూడా రాసింది. 1933లో పుస్తకం బయటికి రాగానే ప్రభుత్వం నిషేధించింది. తర్వాత చాలా ఏళ్లకు నేషనల్ బుక్ ట్రస్ట్ అందులోని చరిత్ర భాగాన్ని అచ్చేసింది.

సుందర్‌లాల్‌కు ఇలాంటి పని ఇంకోసారి మీద పడింది, ఈసారి మన నేల మీద. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ సంస్థానం పల్లెల్లో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం ఆయన్ను, ఖాజీ అబ్దుల్ గఫార్‌ను పంపింది. రజాకార్ల దారుణాలు ముందు జరిగాయి. తర్వాత ముస్లింల మీద పగ తీర్చుకోవడం జరిగింది. ఆ సంఘం జిల్లాలు తిరిగి, చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది ఉంటారని అంచనా వేసింది. ఎక్కువ దెబ్బతిన్న జిల్లాలుగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ పేర్లు రాసింది. వాటిలో రెండు ఊళ్లకు ఇప్పుడు ధారాశివ్, కలబురగి అని కొత్త పేర్లు.

ఈ నివేదికను నిషేధించాల్సిన పని పడలేదు, అసలు బయటికే ఇవ్వలేదు. ఢిల్లీలో అప్పటి నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో చదివేవాళ్ల చేతికి అది వచ్చింది 2013లో. సుందర్‌లాల్ అప్పటికి ముప్పై ఏళ్ల కిందటే కన్నుమూశారు.